కూలి దినములు - ఋణ వాయిదాలు
రిజర్వు బ్యాంకు పరిశోధనలు గ్రామమునకు నేర్పు పాఠము

పంచాయతీ సమావేశములలో మనము వీధి దీపములను గూర్చియు, మంచినీటి బావులను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు చర్చింతుము. రిజర్వు బ్యాంకును గూర్చి మాటలాడు సందర్భము మిక్కిలి అరుదు. నోటు మీద ఆ బ్యాంకు పేరును, గవర్నరు సంతకమును అందరును చూచియే యుందురు. అంతకు మించి ముంబయి నగరములోని ఆ సంస్థకును, మన యూరి చెరువు క్రింద నాట్లు వేయు కూలివానికిని సంబంధమేమున్నదని పలువురు తలంతురు.

సంబంధము కలదు. ఆ బ్యాంకు ఏడు దశాబ్దములకు పూర్వమే తన మనుష్యులను గ్రామములకు పంపి, ఇంటింట అప్పెంత, ఆదాయమెంత, ఆ అప్పు ఎవరి యొద్ద తెచ్చితిరి అని అడిగించినది. పల్లెలో కూలి రేట్లెట్లున్నవి, పని దొరకువారెందరు అను లెక్కలను నేటికిని పరిశీలించుచున్నది. ఎందులకు? అప్పునకు పత్రము, సంతకము, హామీదారు ఎందరున్నను, తుదకు అది తీరుట కూలి దినముల మీదను, పంట మీదను ఆధారపడి యున్నది గనుక. ఈ ఒక్క విషయమును పంచాయతీ సభ్యులకు సులభముగా తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

రిజర్వు బ్యాంకు చేయు పని

1934 వ సంవత్సరపు చట్టము ననుసరించి రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1 వ తేదీన ఏర్పడినది. 1949 జనవరి 1 నుండి అది పూర్తిగా జాతీయము చేయబడినది. నోట్లు జారీచేయుట, ఇతర బ్యాంకులకు తాను బ్యాంకుగా నుండుట, వానిని అదుపులో నుంచుట, వడ్డీ రేట్లకు దారి చూపుట దాని ముఖ్య విధులు. ఆ తొలి చట్టములోనే వ్యవసాయ పరపతిని అధ్యయనము చేయుటకు ప్రత్యేక శాఖ యుండవలెనని విధింపబడినది. కావున పల్లె అప్పును గూర్చి పరిశోధించుట ఆ బ్యాంకునకు పుట్టుకతోనే అబ్బిన పని.

ఇచ్చట రెండు మాటలకు అర్థము తెలిసికొనవలెను. ఆర్థిక స్థిరత్వమనగా, మనము దాచుకొన్న సొమ్ము అడిగిన నాడు చేతికి వచ్చుట; అవసరమైన వానికి న్యాయమైన వడ్డీకి అప్పు దొరకుట; ఒకచోట కలిగిన నష్టము వ్యవస్థ నంతను పడగొట్టకుండుట. శ్రమ విపణి యనగా, పని కోరువారును పని యిచ్చువారును కలిసికొని కూలి నిర్ణయించుకొను తావు. పట్టణములో తెల్లవారుజామున కూలీలు నిలుచు అడ్డా ఒక శ్రమ విపణి. నాట్ల కాలమున రైతు కూలీల యింటికి పోయి రేపటికి పదిమంది కావలెనని అడుగుటయు శ్రమ విపణియే.

ఈ రెంటిని గూర్చి అన్ని దేశముల కేంద్ర బ్యాంకులకు ఒకే విధమైన బాధ్యత లేదు. అమెరికాలోని ఫెడరల్ రిజర్వు బ్యాంకునకు 1977 వ సంవత్సరపు చట్టము ధరల నిలుకడతో పాటు, వీలైనంత ఎక్కువమందికి ఉద్యోగములుండునట్లు చూచుటను కూడ లక్ష్యముగా విధించినది. మన రిజర్వు బ్యాంకునకు 2016 లో చేయబడిన చట్ట సవరణ ధరల నిలుకడను ప్రధాన లక్ష్యముగా నిర్ణయించి, ఆర్థికాభివృద్ధిని దృష్టి యందుంచుకొనవలెనని చెప్పినది. ఉద్యోగముల సంఖ్య మన బ్యాంకునకు చట్టరీత్యా లక్ష్యము కాదు. అయినను పనిని, కూలిని పరిశీలింపక ఆ బ్యాంకు తన విధిని నెరవేర్చజాలదు. ఇది ఎట్లో ముందు చూతము.

గ్రామమునకు వచ్చిన తొలి సర్వే

స్వాతంత్ర్యము వచ్చిన కొలది కాలమునకే, 1951-52 లో, రిజర్వు బ్యాంకు అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేను జరిపించినది. దీనిని నడపిన సంఘమునకు ఎ. డి. గోర్వాలా అధ్యక్షుడు. డి. ఆర్. గాడ్గిల్, బి. వెంకటప్పయ్య, ఎన్. ఎస్. ఆర్. శాస్త్రి గారలు సభ్యులు. దేశమంతట 75 జిల్లాలను ఎన్నుకొని, జిల్లాకు 8 చొప్పున 600 గ్రామములలో 1,27,343 కుటుంబములను గూర్చి విచారణ సాగించిరి. నివేదిక 1954 లో వెలువడినది.

ఆ నివేదిక తెలిపిన లెక్క నాటి పాలకులను కలవరపెట్టినది. సేద్యగాండ్రు తెచ్చుకొన్న ప్రతి 100 రూపాయల అప్పులో ప్రభుత్వ మిచ్చినది 3 రూపాయల 30 పైసలు. సహకార సంఘము లిచ్చినది 3 రూపాయల 10 పైసలు. వాణిజ్య బ్యాంకు లిచ్చినది కేవలము 90 పైసలు. ఈ మూడును కలిపినను 7 రూపాయల 30 పైసలకు మించలేదు. వృత్తిగా వడ్డీ వ్యాపారము చేయువారు 44 రూపాయల 80 పైసలును, వ్యవసాయము చేయుచు వడ్డీకిచ్చువారు 24 రూపాయల 90 పైసలును ఇచ్చిరి. మిగిలినది బంధువులు, వర్తకులు, దళారీలు, భూస్వాములు మున్నగువారి నుండి వచ్చినది.

ఇంకొక విషయము కూడ ఆ పరిశోధన వలన తేటపడినది. వడ్డీ వ్యాపారి ధాన్యపు గింజలు నిండుకొన్న నాడును అప్పిచ్చును, పెండ్లికిని ఇచ్చును, రోగము వచ్చిన రాత్రియును ఇచ్చును. సహకార సంఘము పొలము గలవానికి, పంట పేరు మీద మాత్రమే ఇచ్చుచుండెను. పొలము లేని కూలివానికి ఆ తలుపు మూసియే యుండెను. అప్పు చాలినంత లేకపోవుటయే గాక, అది చేరవలసిన వారికి చేరుట లేదని సంఘము నిర్ణయించినది.

ఈ పరిశోధన అలమారులో దాగి యుండలేదు. సంఘము చేసిన సూచనల ఫలితముగా 1955 జూలై 1 న ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారినది. అయిదేండ్లలో 400 కొత్త శాఖలు తెరువవలెనని దానికి బాధ్యత అప్పగింపబడినది. తరువాత 1969 జూలై 19 న 14 పెద్ద బ్యాంకులు జాతీయము చేయబడినవి. 1975 లో ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులును, 1982 లో నాబార్డును ఏర్పడినవి. 600 గ్రామములలోని ప్రజలు తమ గడప యొద్ద నిలుచుండి చెప్పిన జవాబులు ఈ మార్పులకు దారితీసినవని మనము గుర్తుంచుకొనవలెను.

2019 లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన సర్వే ప్రకారము, గ్రామీణ కుటుంబములు తీర్చవలసియున్న బాకీలో 66 శాతము బ్యాంకులు, సహకార సంఘములు మున్నగు సంస్థలకు చెందినది. 1951-52 నాటి లెక్క సేద్యగాండ్రు ఆ యేడు తెచ్చిన అప్పునకు సంబంధించినది. 2019 నాటిది గ్రామములోని అన్ని కుటుంబముల నిలువ బాకీకి సంబంధించినది. కావున రెండును ఒకే కొలత కావు. అయినను వచ్చిన మార్పు గొప్పదనుటలో సందేహము లేదు.

ఐనచో అప్పు బరువు తగ్గినదా? అదే సంవత్సరపు వ్యవసాయ కుటుంబముల సర్వేలో దేశము మొత్తము మీద 50.2 శాతము కుటుంబములు ఋణగ్రస్తములుగా తేలగా, తెలంగాణములో 91.7 శాతము, ఆంధ్ర ప్రదేశ్‌లో 93.2 శాతము అట్లున్నవి. అప్పిచ్చువారు మారిరి. అప్పు మాత్రము మన యిండ్లలోనే యున్నది. కావున అప్పు దొరకునా యను పాత ప్రశ్నకు తోడు, అది ఏ ఆదాయముతో తీరును అను ప్రశ్న కూడ నేడు మన ముందున్నది.

కూలికిని, వాయిదాకును గల ముడి

ఒక ఉదాహరణము తీసికొందము. భార్యాభర్త లిరువురును కూలి చేసికొను కుటుంబ మొకటి యున్నదనుకొనుడు. పని యున్న 8 నెలలలో భర్తకు నెలకు 20 దినములు, దినమునకు 400 రూపాయల చొప్పున 8,000 రూపాయలు వచ్చును. భార్యకు 15 దినములు, 300 రూపాయల చొప్పున 4,500 రూపాయలు వచ్చును. వెరసి 12,500 రూపాయలు. తక్కిన 4 నెలలలో భర్తకు 8 దినములు, భార్యకు 6 దినములు మాత్రమే పని దొరకినచో 3,200 రూపాయలును, 1,800 రూపాయలును కలిపి 5,000 రూపాయలు.

సంవత్సరపు ఆదాయము 8 నెలలకు 1,00,000, 4 నెలలకు 20,000, మొత్తము 1,20,000 రూపాయలు. నెలకు సగటు 10,000 రూపాయలు. అప్పుల వాయిదాలన్నియు కలిపి నెలకు 5,000 రూపాయలున్నవనుకొందము. అది సగటు ఆదాయములో సగము. కాగితము మీద చూచిన ఈ కుటుంబము వాయిదా కట్టగలదు. కాని పని లేని నెలలో వచ్చిన 5,000 రూపాయలును వాయిదాకే చెల్లును; బియ్యమునకు రూపాయి మిగులదు. అప్పుడు వారేమి చేయుదురు? ఒక వాయిదా కట్టుటకు ఇంకొక చోట అప్పు చేయుదురు. లేదా మేస్త్రీ యొద్ద బయానా తీసికొని వలస పోవుదురు. సగటు లెక్క సరిపోయినంత మాత్రమున ఇల్లు నిలువదు. ఏ నెలలో ఎన్ని పని దినములున్నవో తెలిసినవాడే అప్పు తీరునో తీరదో చెప్పగలడు.

ఒక కుటుంబము వాయిదా తప్పిన బ్యాంకునకు కలుగు నష్టము స్వల్పము. పదిమంది కట్టిన వడ్డీలో ఒకని నష్టము పూడిపోవును. కాని కూలి పని ఆగుట ఒకరికే జరుగునది కాదు. వర్షము రాకపోయిన ఊరందరికిని నాట్లు లేవు. పట్టణములో ఇండ్ల నిర్మాణ మాగిన ఆ పని మీద పోయిన మండలమంతయు ఇంటికి తిరిగివచ్చును. బ్యాంకు పుస్తకములలో ఈ ఋణములు వేయి వేరువేరు పేర్ల మీద నున్నను, అన్నింటికిని ఆధారము ఒకటే. ఒక మడి ఎండిన ఒక రైతునకు నష్టము; చెరువు గండిపడిన ఆయకట్టునకంతకును నష్టము. కేంద్ర బ్యాంకు పరిశోధకులు వెదకునది ఇట్టి గండి ఎచ్చట పడవచ్చునో యని.

జట్టుగా అప్పు తీసికొను మహిళల హామీలో కూడ ఈ విషయము గమనింపదగినది. అయిదుగురిలో ఒకరు కట్టలేకపోయిన తక్కిన నలుగురు కట్టవలెనను ఏర్పాటు మంచిదే. కాని అయిదుగురును ఒకే పొలము పనికి పోవువారైనచో, పని ఆగిన నాడు అయిదుగురి చేతులును ఒక్కసారే ఖాళీయగును. అప్పుడు హామీ కాగితము మీదనే మిగులును. ఒకరికి పాడి, ఒకరికి కుట్టుపని, ఒకరికి అంగడి యున్న జట్టు ఇంతకంటె దృఢమైనది.

2010 వ సంవత్సరపు అనుభవము

ఈ పాఠమును మన రాష్ట్రము మిక్కిలి కష్టపడి నేర్చుకొన్నది. ఆనాటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో పొదుపు సంఘములు బలముగా నుండెను. 1992 లో నాబార్డు ప్రారంభించిన సంఘములు-బ్యాంకుల అనుసంధానము ఇచ్చట చక్కగా పాదుకొన్నది. అదే గ్రామములకు సూక్ష్మ ఋణ సంస్థలు కూడ వచ్చి, హామీ లేకుండ, వారమువారము వాయిదా పద్ధతిన అప్పులిచ్చినవి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు ఇచ్చిన సందర్భములు పెక్కు. ఆ యింటి కూలి ఆదాయమెంత, మొత్తము వాయిదా ఎంత అని కూడి చూచినవారు లేకపోయిరి. వసూలుకు వచ్చినవారి ఒత్తిడికి తాళలేక కొందరు ప్రాణములు తీసికొన్నారన్న వార్తలు రాష్ట్రమును కుదిపివేసినవి.

2010 అక్టోబరు 15 న రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసినది. ఈ సంస్థలు జిల్లాలో నమోదు కావలెననియు, వాయిదాలు వారమునకు గాక నెలకొకసారి వసూలు చేయవలెననియు, చెల్లింపు గ్రామ పంచాయతీ కార్యాలయమునందో, నిర్ణయింపబడిన బహిరంగ స్థలమునందో జరుగవలెననియు అందు విధింపబడినది. తలుపు చాటున సాగిన వసూలు పదుగురెదుటికి రావలెనన్నది దీని భావము. అందులకు పంచాయతీ కార్యాలయమునే ఎన్నుకొనుట సభ్యులు గమనింపదగిన విషయము.

తరువాతి కథ కూడ చెప్పవలసియున్నది. ఆర్డినెన్సు వచ్చిన పిమ్మట రాష్ట్రములో వసూళ్ళు ఒక్కమారుగా పడిపోయినవి. కట్టగలవారును కట్టుట మానిరి. ఈ సంస్థలకు పెట్టుబడి నిచ్చినవి పెద్ద బ్యాంకులు. వాని బాకీలు చిక్కుబడినవి. బ్యాంకులు జంకి ఇతర రాష్ట్రములలోని సంస్థలకును సొమ్ము బిగబట్టగా, ఈ వ్యవహారముతో ఏ సంబంధమును లేని దూరపు గ్రామములలోని స్త్రీలకు కూడ అప్పు దొరకుట కష్టమైనది. ఆర్థిక అస్థిరత్వ మనగా ఇదియే. ఒక రాష్ట్రములోని ఇంటి చిక్కు దేశమంతటి బ్యాంకు పుస్తకములలోనికి ప్రాకినది.

రిజర్వు బ్యాంకు వెంటనే వై. హెచ్. మాలెగాం అధ్యక్షతన ఉపసంఘమును నియమించినది. 2011 జనవరిలో ఆ సంఘము నివేదిక నిచ్చినది. అదే యేడు డిసెంబరులో ఈ సంస్థలకు ప్రత్యేక నియమములు ఏర్పడినవి. వానిని సవరించి 2022 ఏప్రిల్ 1 నుండి రిజర్వు బ్యాంకు అమలుచేసిన కట్టడి ప్రకారము, సంవత్సరాదాయము 3 లక్షల రూపాయల వరకు గల కుటుంబమునకు హామీ లేకుండ ఇచ్చు అప్పు సూక్ష్మ ఋణము. ఆ కుటుంబపు ఋణములన్నింటి నెలసరి వాయిదాలు కలిపి నెలసరి ఆదాయములో 50 శాతమునకు మించరాదు. కుటుంబమనగా భార్య, భర్త, పెండ్లి కాని బిడ్డలు. ఇదివరలో అప్పెంత అని మాత్రమే చూచినవారు, ఇప్పుడు ఇంటి ఆదాయమెంత అని తప్పక చూడవలసియున్నది. గ్రామములలో అడిగి తెలిసికొన్న విషయము నియమముగా మారుటకు ఇది మంచి నిదర్శనము.

పని ఆగిన నాడు

కూలికిని, బ్యాంకునకును గల సంబంధము 2020 లో దేశమంతకును ఒక్కసారి కనబడినది. మహమ్మారి కారణముగా మార్చి 25 నుండి దేశమున రాకపోకలు, పనులు నిలిచిపోయినవి. రెండు దినములకే, మార్చి 27 న, రిజర్వు బ్యాంకు తన రెపో రేటును, అనగా బ్యాంకులకు తానిచ్చు అప్పుమీది వడ్డీని, 5.15 శాతము నుండి 4.40 శాతమునకు తగ్గించినది. మార్చి 1 నుండి మూడు నెలల వాయిదాలను వాయిదావేయుటకు బ్యాంకులకు అనుమతి యిచ్చినది. తరువాత ఆ గడువును ఆగస్టు 31 వరకు పొడిగించినది. అయితే వాయిదా ఆగినదే గాని వడ్డీ ఆగలేదు. ఈ భేదమును తెలియక కొందరు అప్పు మాఫీ యైనదని భ్రమించిరి. ఇట్టి సమయమున సరియైన సమాచారమును ఊరివారికి చెప్పుట కూడ సేవయే.

పట్టణముల నుండి కాలినడకన తిరిగివచ్చినవారికి నాడు గ్రామీణ ఉపాధి పథకము ఆధారమైనది. 2006 ఫిబ్రవరి 2 న మన అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ప్రారంభింపబడిన ఆ పథకము క్రింద 2020-21 లో దేశమంతట సుమారు 389 కోట్ల పని దినములు కల్పింపబడినవి. 2005 నాటి ఆ చట్టమునకు బదులుగా 2025 డిసెంబరులో పార్లమెంటు ఏటా 125 దినముల పనికి హామీనిచ్చు వేరొక చట్టమును ఆమోదించినది. చట్టమేదైనను, పని లేని నెలలో దొరకిన కూలి దినము రెండు విధముల ఉపకరించును. అది ఇంటికి తిండి పెట్టును. వాయిదా తప్పకుండ చూచి బ్యాంకును కూడ నిలబెట్టును.

రిజర్వు బ్యాంకు 2010 నుండి ఆర్థిక స్థిరత్వ నివేదికను ప్రకటించుచున్నది. సామాన్యముగా అది ఏటా రెండుసార్లు వెలువడును. పరిస్థితి మరింత చెడినచో బ్యాంకులు తట్టుకొనగలవా యని అందు లెక్కకట్టి చూతురు. వరద రాకముందే చెరువు కట్టను పరీక్షించుట వంటి దిది. 2020 జూలై నివేదికలో, ఆ యేటి మార్చి నాటికి 8.5 శాతముగా నున్న మొండి బాకీలు 2021 మార్చి నాటికి 12.5 శాతము కావచ్చుననియు, పరిస్థితి మిక్కిలి విషమించిన 14.7 శాతము కావచ్చుననియు అంచనా వేసిరి. వాస్తవముగా అవి 7.5 శాతము వద్దనే నిలిచినవి. 2025 మార్చి నాటికి 2.3 శాతమునకు తగ్గినవి.

అంచనా తప్పినది గనుక పరిశోధన వ్యర్థమని తలపరాదు. వడ్డీ తగ్గింపు, వాయిదాల గడువు, ప్రభుత్వ సాయము మొదలగు చర్యలు ఆ కీడును కొంత తప్పించినవి. గడువు కాలములో బాకీలను మొండివిగా లెక్కింపకుండుట కూడ ఒక కారణము. హెచ్చరిక జోస్యము కాదు. కట్ట బలహీనముగా నున్నదని చెప్పినవాని మాట విని మట్టి వేయించిన పిదప కట్ట తెగకున్న, అతడు అబద్ధమాడెనని ఎవరును అనరు గదా!

లెక్కలు ఎచ్చట నుండి వచ్చును

కూలి, పనుల లెక్కలన్నింటిని రిజర్వు బ్యాంకు స్వయముగా సేకరింపదు. గ్రామీణ కూలి రేట్లను కేంద్ర ప్రభుత్వపు లేబర్ బ్యూరో సేకరించును. పని చేయువారి సంఖ్యను జాతీయ గణాంక కార్యాలయము 2017-18 నుండి జరుపుచున్న శ్రామిక సర్వే తెలుపును. వీనిని తీసికొని రిజర్వు బ్యాంకు పరిశోధకులు పోల్చి చూతురు. వారు ప్రకటించిన రాష్ట్రముల గణాంక గ్రంథము ప్రకారము 2022-23 లో వ్యవసాయ పనులలో పురుషుల సగటు దినకూలి దేశము మొత్తము మీద 345 రూపాయల 70 పైసలు. కేరళలో అది 764 రూపాయల 30 పైసలు. మధ్య ప్రదేశ్‌లో 229 రూపాయల 20 పైసలు. ఒకే దేశములో ఒకే పనికి ఇంత భేద మున్నపుడు కూలివాడు రైలెక్కుట వింత కాదు.

దేశము దాటి పోయినవారి లెక్క కూడ అట్టిదే. 2023-24 లో విదేశములందలి భారతీయులు పంపిన సొమ్ము 11,870 కోట్ల డాలర్లు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారము అందులో తెలంగాణమునకు 8.1 శాతము, ఆంధ్ర ప్రదేశ్‌కు 4.4 శాతము చేరినది. పంపిన దేశములలో అమెరికా వాటా 27.7 శాతము, అరబ్ ఎమిరేట్ల వాటా 19.2 శాతము. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతముల నుండి గల్ఫుకు పోయినవాని కూలి తగ్గిన, ఇచ్చట అతని యింటి వాయిదా తప్పును. అచ్చటి అడ్డాకును ఇచ్చటి బ్యాంకునకును నడుమ సముద్రమున్నను సంబంధము తెగదు.

ఈ లెక్కలకు హద్దులు కూడ కలవు. రిజర్వు బ్యాంకు ప్రకటించిన అంచనా ప్రకారము 2023-24 లో దేశమున పని చేయుచున్నవారు సుమారు 64 కోట్ల 33 లక్షలమంది. ఈ సంఖ్యను గూర్చి ఆర్థికవేత్తలలో వాదోపవాదములు జరిగినవి. శ్రామిక సర్వేలో కూలి లేకుండ స్వంత పొలమున గాని, ఇంటి అంగడిలో గాని సాయపడు భార్యయు, కొడుకును పని యున్నవారి క్రిందనే లెక్కింపబడుదురు. వారు కష్టపడుచున్నమాట నిజము. కాని వారి చేతికి విడిగా సొమ్ము రాదు. పని యున్నవారి సంఖ్య పెరిగినంత మాత్రమున వాయిదా కట్టగలవారి సంఖ్య పెరిగినదని చెప్పజాలము. అంకెను చదువునపుడు, అది దేనిని లెక్కించినదో మొదట అడుగవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

మొదటిది. సర్వే చేయువారు ఊరికి వచ్చినపుడు వారికి గుర్తింపు పత్రము చూపుమని అడిగి, నిజమైనవారని తెలిసిన పిదప ప్రజలచే నిజమైన జవాబులు చెప్పించుడు. వడ్డీ వ్యాపారి యొద్ద చేసిన అప్పును పరువు కొరకు దాచుట మన యిండ్లలో అలవాటు. పని దినములను పెంచి చెప్పుటయు కలదు. ఇట్లు దాచిన కష్టము లెక్కలోనికి రాదు. లెక్కలోనికి రాని కష్టమునకు నియమము పుట్టదు. 1951 నాటి జనులు దాచి యున్నచో 100 లో 7 రూపాయల 30 పైసల సంగతి బయటపడెడిదే కాదు.

రెండవది. మీ గ్రామములో ఏ నెలలో పని తక్కువగా నుండునో ఒక పట్టిక వ్రాసి యుంచుడు. ఉపాధి పనులను కోరునపుడు ఆ నెలలకు పని చాలినంత యుండునట్లు ముందుగానే ప్రతిపాదించుడు. చెరువు పూడికతీత, బాటలు, మొక్కలు నాటుట మున్నగువానిలో ఏది ఏ నెలకు తగునో మీకంటె బాగుగా తెలిసినవారు లేరు.

మూడవది. సూక్ష్మ ఋణములను గూర్చి రిజర్వు బ్యాంకు విధించిన కట్టడిని గ్రామసభలో చదివి వినిపించుడు. వాయిదాలు ఆదాయములో సగము మించరాదు. వడ్డీ, రుసుములు తెలుపు పత్రమును అప్పు తీసికొనువారికి తెలిసిన భాషలో ఇవ్వవలెను. వసూలు కొరకు ఉదయము 9 గంటలకు ముందును, సాయంత్రము 6 గంటల తరువాతను పిలువరాదు. బెదిరింపు, తిట్టు, బంధువులను వేధించుట నిషిద్ధములు. ఆదాయము వచ్చు కాలమును బట్టి వాయిదాలు నిర్ణయించుమని అడుగవచ్చును. నియమము మీరినవారిపై మొదట ఆ సంస్థకే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసి, న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవలెను.

నాలుగవది. తీర్చగలవారిని అప్పు కట్టవద్దని ప్రోత్సహింపకుడు. తీర్చలేనివానికి గడువు అడుగుట న్యాయము. తీర్చగలవాడు ఎగవేయుట పొరుగువానికి రేపు అప్పు పుట్టకుండ చేయుట. 2010 అనుభవము ఈ రెంటిని కూడ నేర్పినది.

ముంబయిలో కూర్చున్న పరిశోధకునకు మీ యూరి పేరు తెలియకపోవచ్చును. కాని ఆయన వ్రాయు అంకెలో మీ యూరి కూలివాని చెమట కలదు. ఆ అంకె నిజమైనదగుటయు, దాని వలన పుట్టిన నియమము ఊరిలో అమలగుటయు మీ చేతిలో నున్నవి. బ్యాంకు బలము దాని ఇనుప పెట్టెలో మాత్రమే లేదు. పని లేని నెలలో కూడ పొయ్యి వెలుగు ఇంటిలో ఉన్నదని మేము భావించుచున్నాము.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామములో ఏ నెలలలో కూలి పని తక్కువ? ఆ నెలలలో వాయిదాలు ఎట్లు చెల్లించుచున్నారు?

2. ఒకే కుటుంబమునకు ఎన్ని చోట్ల అప్పున్నది? ఆ వాయిదాల మొత్తము ఆదాయములో సగము మించినదా?

3. మీ పొదుపు సంఘములోని సభ్యులందరును ఒకే పని మీద ఆధారపడియున్నారా? వేరు ఆదాయములు కల్పించుటకు పంచాయతీ ఏమి చేయగలదు?

4. వలస పోయినవారి లెక్క పంచాయతీ యొద్ద నున్నదా? లేనిచో ఎవరు, ఎప్పుడు వ్రాయవలెను?